పోల్ వాలెరీ వ్యాసాలు: తూచి చూసే వచనం

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఫ్రెంచి కవి వాలెరీ కవితలు ఇంగ్లీషు అనువాదంలో చదివారు, నచ్చాయి. తీరా చూస్తే ఆయన రాసిన కవిత్వం గుప్పెడు, వ్యాసాలు గంపెడు. పైగా వాటిలో చాలా భాగం ఎవరో అడిగితే రాసిచ్చినవి. అలాంటి వాటిని సాహిత్యమనుకుని చదవాలా, లేక కవిత్వం బోధపడటానికి పనికొచ్చే వ్యాఖ్యానాలుగా చూడాలా? మొదలుపెడితే ఎక్కడ మొదలుపెట్టాలి?

సాహిత్యంగానే చదవండి. నా మటుకు నేను ఇంకో అడుగు ముందుకు వేస్తాను. వాలెరీ పద్యం ఫ్రెంచి శబ్దాన్ని వదిలి బయటికి రాలేదు. అనువాదంలో మీకు అందేది దాని నీడ. వ్యాసాలు అలా కాదు. ఫ్రెంచి రాని పాఠకుడికి వాలెరీ నిజంగా చేతికి చిక్కేది వాటిలోనే. ఇరవై ఎనిమిదేళ్లుగా ఫ్రెంచి పాఠాలు చెబుతున్నాను. ఆయన వ్యాసాలు కొన్నింటిని తెలుగులోకి తేవాలని కూర్చుని, ఒక్కో వాక్యం దగ్గర రోజుల తరబడి ఆగిపోయాను. ఆ ఆగిపోవడంలో నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా మన "వ్యాసం" అన్న మాట గురించి. సమాసం అంటే కుదించి చెప్పడం, వ్యాసం అంటే విడమరిచి పరచడం. అందుకే బడిలో మనకు వ్యాసమంటే ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు. తెలిసిన విషయాన్ని తెలియనివారి ముందు పరవడం. ఫ్రెంచి మాట దారి వేరు. ఆ భాషలో "ఎస్సే" అంటే ప్రయత్నం, పరీక్ష. దాని వెనక ఉన్న లాటిన్ మాట "ఎక్సాజియుం"కు అర్థం తూకం. 1580లో ఫ్రెంచి రచయిత మోంతేన్ తన పుస్తకానికి ఆ పేరు పెట్టినప్పుడు ఈ అర్థాలన్నీ ఆయన మనసులో ఉన్నాయి. త్రాసును తన చిహ్నంగా పెట్టుకుని, "నాకేమి తెలుసు?" అన్న ప్రశ్నను దానికి జోడించుకున్న మనిషి ఆయన. కాబట్టి ఫ్రెంచి వ్యాసకర్త తెలిసినది పంచిపెట్టడానికి కూర్చోడు. ఒక విషయాన్ని తక్కెడలో వేసి, రెండో పళ్లెంలో తన బుద్ధిని పెట్టి, ముల్లు ఎటు కదులుతుందో చూస్తాడు. వాలెరీ వ్యాసాలకు ఈ తక్కెడే తాళంచెవి. మీరు వాటిలో తీర్పు కోసం వెతికితే నిరాశపడతారు. ముల్లు కదలికను చూడండి.

ఆయన జీవితంలో ఈ ప్రశ్నకు అవసరమైనంత మాత్రం చెబుతాను. 1871లో మధ్యధరా తీరంలోని సెత్ అనే రేవు ఊళ్లో పుట్టాడు. మోంపెల్యేలో న్యాయశాస్త్రం చదివాడు. ఇరవై ఏళ్లకే కవి మలార్మే శిష్యుడిగా చక్కటి పద్యాలు రాశాడు. 1892 అక్టోబరులో జెనోవాలో ఒక తుపాను రాత్రి నిద్రలేకుండా గడిపి, కవిత్వాన్నీ భావావేశాలనూ పక్కనపెట్టి బుద్ధి ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడమే తన పని అని నిశ్చయించుకున్నాడు. 1894లో తెల్లవారుజామున లేచి నోటుపుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టి, 1945లో చనిపోయేదాకా మానలేదు. ఆ నోటుపుస్తకాలు 261. పొట్ట పోసుకోవడానికి కొన్నాళ్లు యుద్ధ మంత్రిత్వ శాఖలో గుమాస్తా, ఆ తరువాత 1900 నుంచి 1922 దాకా హవాస్ వార్తా సంస్థకు చెందిన ఎదువార్ లెబే అనే పెద్దమనిషికి ఆంతరంగిక కార్యదర్శి. 1917లో 512 పంక్తుల "యువ విధిదేవత"తో కవిత్వంలోకి తిరిగివచ్చాడు. 1922లో "మంత్రాలు" సంపుటి వచ్చింది. అదే ఏడు యజమాని చనిపోవడంతో జీతం పోయింది. అక్కడి నుంచి ఉపన్యాసాలు, పీఠికలు, సంచికలకు రచనలు, ఇవే బతుకుతెరువు. "వైవిధ్యం" అనే పేరుతో 1924 నుంచి 1944 దాకా అయిదు వ్యాస సంపుటాలు వచ్చాయి.

అడిగితే రాశాడన్నది నిజమే. దాన్ని తక్కువగా చూడటం మాత్రం సరికాదు. అవధానం చూసి పెరిగిన మనకు ఇది సులువుగా అర్థం కావాలి. పృచ్ఛకుడు దత్తపది ఇస్తాడు, అక్షరాలు నిషేధిస్తాడు. అవధాని ఆ కట్టడి లోపలే పద్యం తీస్తాడు. కట్టడి బయటివాడిది, పద్యం కవిది. వాలెరీ సరిగ్గా ఇలాగే ఆలోచించేవాడు. 1921లో ఒక వాస్తుశిల్ప గ్రంథానికి రచన కావాలని అడిగి, పుట అలంకరణకు సరిపోవాలి కాబట్టి 1,15,800 అక్షరాలు ఉండాలన్నారు. ఆ లెక్కకు ఒదిగేలా ఆయన "యూపలినోస్" రాశాడు. అది వ్యాసం కాదు, సోక్రటీసు పాత్రగా సాగే సంభాషణ. కానీ కట్టడి పట్ల ఆయన మనసు ఎలా ఉండేదో దానిలో తెలుస్తుంది. ఇంకో ఉదాహరణ ఉంది. 1927లో ఫ్రెంచి అకాడమీలో ఆయన నవలాకారుడు అనతోల్ ఫ్రాన్స్ స్థానంలో చేరాడు. ఆచారం ప్రకారం ముందువాడిని పొగుడుతూ ప్రసంగించాలి. ఆ అనతోల్ ఫ్రాన్స్ 1875లో మలార్మే పద్యాన్ని ఒక సంకలనం నుంచి తోసిపుచ్చినవాడు. వాలెరీ ప్రసంగమంతా ఆయన గురించే చేశాడు, ఆయన పేరు మాత్రం ఒక్కసారీ పలకలేదు. నిషిద్ధాక్షరి విన్నాం, ఇది నిషిద్ధ నామం. గురువు మీది భక్తిని ఒక మాటను పలకకపోవడంలో చూపించాడు. ఆ ప్రసంగపాఠం చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మొదటి వ్యాసం కూడా అడిగితే రాసిందే. 1895లో, ఇరవైమూడేళ్ల వయసులో, "లియొనార్దో ద వించి పద్ధతికి ఉపోద్ఘాతం" అచ్చయింది. అంత వయసులో లియొనార్దో గురించి తనకు పెద్దగా తెలియదు. ఏం చేశాడు? ఆ మహానుభావుడి జీవితకథ జోలికి పోకుండా, అన్నీ చేయగల ఒక బుద్ధిని ఊహించి, దానికి లియొనార్దో అని పేరు పెట్టాడు. శిల్పం, యంత్రం, చిత్రం, నీటి సుడి, ఇవన్నీ ఒకే మూలం నుంచి పుట్టే చోటు ఒకటుండాలని, ఆ చోటును వెతికాడు. 1919లో ఆ వ్యాసాన్ని మళ్లీ అచ్చు వేస్తూ ముందు ఒక కొత్త రచన చేర్చాడు. అందులో నిజం చెప్పేశాడు: నా అలజడులనే పాపం లియొనార్దోకు అంటగట్టాను, ఆయన పేరు కింద నన్ను నేను చూసుకునే సాహసం చేశాను అని. అంతటితో ఆగలేదు. 1930ల మొదట్లో ఆ పాత వ్యాసాల పక్కన, మార్జిన్‌లో, తన మీద తానే వ్యాఖ్యలు రాసి అచ్చు వేయించాడు. పుటకు ఒక పక్క ఇరవైమూడేళ్ల కుర్రవాడు, ఇంకో పక్క అరవైకి చేరువైన పెద్దాయన. కుర్రవాడు ఆవేశంగా ఒక మాట అంటాడు, పెద్దాయన దాన్ని మార్జిన్‌లో సర్దుతాడు, కొన్నిచోట్ల కొట్టిపారేస్తాడు. కవితను అలా అచ్చు వేస్తే ఆ కవిత చచ్చిపోతుంది. వ్యాసం మాత్రం దాని వల్ల బతుకుతుంది. తూకం ఒకసారితో అయిపోయేది కాదు గనుక.

ఇప్పుడు అందరూ ఎత్తుకునే వ్యాసానికి వస్తాను. "మేధా సంక్షోభం". రెండు లేఖలు. మొదటిది 1919 ఏప్రిల్ 11న, రెండోది మే 2న, లండన్ వారపత్రిక "అథీనియం"లో ముందు ఇంగ్లీషులోనే అచ్చయ్యాయి. ఫ్రెంచి మూలం అదే ఏడు ఆగస్టులో వచ్చింది. మొదటి వాక్యం మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. నాగరికతలు తాము మర్త్యులమని ఇప్పుడు తెలుసుకున్నాయని దాని భావం. ఆ వాక్యాన్ని తెలుగు చేయబోయి నేను రెండు వారాలు కూర్చున్నాను. కారణం ఫ్రెంచిలో లేదు, తెలుగులో ఉంది.

ఫ్రెంచిలో ఆ వాక్యం "నూ జోత్ర్" అని మొదలవుతుంది. ఆ భాషకు ఉత్తమపురుష బహువచనం ఒక్కటే. మనకు రెండు: మేము, మనం. వినేవాణ్ని కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. ఇంగ్లీషు అనువాదకుడికి ఈ బాధ లేదు. తెలుగువాడు తప్పించుకోలేడు, మొదటి మాట దగ్గరే తేల్చుకోవాలి. మాట్లాడేవి నాగరికతలు. వింటున్నది ఎవరు? "మనం, నాగరికతలం, మనకూ చావు ఉందని ఇప్పుడు ఎరుగుదుం" అంటే చదివే తెలుగువాడు కూడా ఆ గుంపులో ఉన్నాడు. "మేము, నాగరికతలం, మాకూ చావు ఉందని ఇప్పుడు ఎరుగుదుం" అంటే వాడు బయట నిలబడి, యూరప్ తన గాయం చూపిస్తుంటే వింటున్నాడు. మొదట "మనం" రాశాను, వినడానికి బాగుంది, గంభీరంగా ఉంది. రెండో లేఖ తెలుగు చేస్తూ ఒక వాక్యం దగ్గరికి వచ్చేసరికి వెనక్కి వెళ్లి "మేము" అని దిద్దాల్సి వచ్చింది.

ఆ వాక్యంలో ఉన్నది నిజంగానే త్రాసు. ఒక పళ్లెంలో ఇండియా సామ్రాజ్యాన్ని పెట్టండి, రెండో పళ్లెంలో బ్రిటన్‌ను పెట్టండి, చూడండి, తక్కువ బరువున్న పళ్లెమే కిందికి వంగుతోంది అంటాడు. ఇంత చిన్న యూరప్ ఇంత పెద్ద ప్రపంచాన్ని ఎలా వంచింది అన్నది ఆయన ప్రశ్న. ఆ తూకంలో తేలిపోయిన పళ్లెం మనదే. ఆ రెండు లేఖల తేదీల మధ్యలో, ఏప్రిల్ 13న, అమృత్‌సర్‌లో జలియన్‌వాలా బాగ్ కాల్పులు జరిగాయి. వాలెరీ వ్యాసానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. కానీ పళ్లెం అలా వంగడానికి బుద్ధిబలం ఒక్కటే కారణం కాదని తెలిసిన పాఠకుడిని నేను. ఆ వాక్యాన్ని చల్లగా చదివి ముందుకు పోలేను. మీరూ పోవద్దు.

అయితే ఆ వ్యాసాన్ని అక్కడే మూసేస్తే ఇంకా పెద్ద విషయం పోగొట్టుకుంటాం. యూరప్ గొప్పదనమంతా జ్ఞానంలో ఉందని ఒప్పుకున్నాక, వాలెరీ త్రాసును వదలడు. ఆ జ్ఞానం శక్తిగా మారింది, శక్తి సరుకుగా మారింది, సరుకు గనుక ఎల్లలు దాటి అందరికీ చేరుతుంది. చేరిన నాడు మళ్లీ జనసంఖ్య, వైశాల్యం, ముడిసరుకులు, ఇవే లెక్కకు వస్తాయి. తమవైపు వంగిన పళ్లెం మెల్లగా పైకి లేవడం మొదలైంది అంటాడు. యూరప్ నిజంగా ఎలా ఉందో అలాగే అయిపోతుందా, అంటే ఆసియా ఖండపు కొసన ఉన్న చిన్న అగ్రంగా మిగులుతుందా అని అడుగుతాడు. 1919లో, యుద్ధం గెలిచిన పక్షంలో ఉండి రాసిన మాటలివి. తాను ఏ పళ్లెంలో కూర్చున్నాడో ఆ పళ్లెమే లేస్తోందని చెప్పగలగడం, ముల్లును వేలితో నొక్కకపోవడం, ఇదీ నేను పైన అన్న తక్కెడ నిజాయితీ.

అదే వ్యాసంలో ఒక దృశ్యం ఉంది. యూరప్ మేధావిని షేక్‌స్పియర్ హామ్లెట్‌గా చేసి, బాసెల్ నుంచి కొలోన్ దాకా పరచుకున్న ఒక పెద్ద ఎల్సినోర్ కోట డాబా మీద నిలబెడతాడు. బెల్జియం తీరంలోని నియూపోర్ ఇసుక, సోమ్ నది చిత్తడి నేలలు, షాంపేన్ సుద్ద, అల్సాస్ నల్లరాయి, ఇవన్నీ ఆ డాబాకు తగులుతాయి. ఈ పేర్లు 1919 పాఠకుడికి భూగోళం కాదు, లక్షలమంది కుర్రవాళ్లు చచ్చిన కందకాల వరుస. ఒక్కచోట కూడా యుద్ధరంగం అని అనడు. మట్టి రకాలు మాత్రం చెబుతాడు. హామ్లెట్ చేతిలోకి పుర్రెలు వస్తాయి: ఒకటి లియొనార్దో, ఒకటి లైబ్నిజ్, ఒకటి కాంట్. వీటిని పారేస్తే నేను నేనుగా ఉంటానా అని తడబడతాడు. వాదన ఎంతదూరం పోగలదో అంతదూరం పోయి, ఇక పోలేని చోట ఆయన ఇలా బొమ్మ కట్టేస్తాడు. ఇది కవి పని. మరొకరు చేయలేరు.

ఇక్కడే మీ అసలు ప్రశ్నకు వస్తున్నాం: కవికీ వ్యాసకర్తకూ మధ్య గీత ఎక్కడ? దాని గురించి వాలెరీ తానే ఒక సిద్ధాంతం చెప్పాడు. 1939లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసం, "కవిత్వం, అమూర్త చింతన". అందులో పదిహేడో శతాబ్దపు కవి మలెర్బ్ నుంచి వచ్చిన పోలికను పెంచి పెద్దది చేస్తాడు: వచనం నడక, కవిత్వం నాట్యం. నడకకు చేరాల్సిన చోటు ఉంటుంది. చేరాక నడక అయిపోతుంది. నాట్యం ఎక్కడికీ పోదు, దాని గమ్యం అదే. ఒక చిన్న ఉదాహరణ ఇస్తాడు. సిగరెట్టు ముట్టించుకోవడానికి నిప్పు ఇవ్వమని అడుగుతాను, మీరు ఇస్తారు. ఇచ్చారంటే నా మాట మీకు అర్థమైంది, ఆ మాట పని తీరింది, చచ్చిపోయింది. కానీ ఒక్కోసారి ఆ చిన్న వాక్యపు స్వరం, తీరు చెవిలో మిగిలిపోయి మళ్లీ మళ్లీ వినిపించాలని కోరుతుంది. అర్థమైపోయాక కూడా బతికి ఉన్న మాట, అదే కవిత్వపు గుమ్మం. శబ్దానికీ అర్థానికీ మధ్య లోలకంలా ఊగడమే పద్యం పని అంటాడు. "వాగర్థావివ సంపృక్తౌ" అని చదువుకున్న మనకు ఈ మాట పరాయిగా తోచదు. కాళిదాసు రెండింటినీ విడదీయరాని దంపతులన్నాడు. వాలెరీ ఆ రెండింటి మధ్య ఊగిసలాటను కొలిచాడు.

దెగా గురించిన కథ కూడా అక్కడిదే. ఆ చిత్రకారుడు పద్యాలు రాసేవాడు. ఒకరోజు మలార్మేతో మొరపెట్టుకున్నాడు: బుర్ర నిండా భావాలున్నాయి, పద్యం మాత్రం రావడం లేదని. దానికి మలార్మే, పద్యాలు భావాలతో కాదు నాయనా, మాటలతో రాస్తారు అన్నాడు. ఈ కథను విడిగా ఎత్తి చెప్పేవారు చాలామంది ఉన్నారు. ఉపన్యాసంలో మాత్రం ఇది ముగింపు కాదు, ఒక మజిలీ. మలార్మే అన్నది నిజమే, అయినా దెగా భావాలన్న వాటిలోనూ ఏదో ఉంది కదా అని వాలెరీ ఆ చమత్కారాన్ని కూడా తక్కెడలో వేస్తాడు.

నన్ను ఈ ఉపన్యాసంలో పట్టి ఆపింది ఇంకో పోలిక. "కాలం" అనే మాట తీసుకోండి అంటాడు. వాక్యంలో ఉన్నంతసేపు అది నమ్మకస్తుడైన పనివాడు. పనికి కాలం సరిపోలేదు అంటే ఎవరికీ సందేహం రాదు. ఆ మాటను వాక్యంలో నుంచి బయటికి లాగి, ఒంటరిగా నిలబెట్టి, నువ్వెవరు అని అడిగితే మాత్రం అది పగబడుతుంది, అంతులేని చిక్కుముడి అయిపోతుంది. మాటలు కందకం మీద వేసిన పలచటి పలకల లాంటివి అంటాడు. త్వరగా దాటిపోయే మనిషిని అవి మోస్తాయి. ఆగకూడదు. పలక ఎంత గట్టిదో చూద్దామని దాని మీద నాట్యం అసలే చేయకూడదు. మా ఊళ్లో పంటకాలువ మీద తాటిదుంగ వేసేవారు. చిన్నప్పుడు దాని మీద పరుగెత్తి దాటినప్పుడు ఎన్నడూ పడలేదు. నడిమధ్యన ఆగి కిందికి చూసినప్పుడే కాళ్లు వణికేవి. ఆ వణుకు ఎరిగినవారికి ఈ పోలిక విప్పి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు గమనించండి. ఆగవద్దు, నాట్యం చేయవద్దు అని చెబుతున్నవాడు ఆ క్షణంలో ఏం చేస్తున్నాడు? "కాలం" అనే పలక మీద ఆగాడు. దాని గట్టితనం పరీక్షించాడు. పరీక్షకు ఫ్రెంచిలో వాడే మాటలకు దగ్గర చుట్టమే "ఎస్సే". వచనం నడక, కవిత్వం నాట్యం అన్న విభజనలో వ్యాసానికి చోటు లేదు, ఎందుకంటే వ్యాసం ఆ రెండూ కాదు. నడుస్తూ నడుస్తూ దుంగ మధ్యలో ఆగి, కాలు కదిపి చూడటం. వాలెరీ ఈ మాట ఇలా అనలేదు, ఇది నా అవగాహన. కానీ ఆయన మంచి వ్యాసాలన్నీ ఇదే పని చేస్తాయి. ఆయన సిద్ధాంతాన్ని ఆయన వచనమే దాటిపోయింది. సిగరెట్టు నిప్పు వాక్యం అర్థమైపోయాక కూడా మీకు గుర్తుండిపోతుంది కదా. అంటే ఆ వచనం గమ్యం చేరాక చావలేదన్నమాట.

అదే ఉపన్యాసంలో తన వీధిలో నడుస్తుండగా ఒక లయ తనను పట్టుకున్న సంగతి చెబుతాడు. విసుగు పుట్టించే పని నుంచి కాస్త తేరుకుందామని బయటికి వచ్చాడు. నడకతో ఒక లయ, దాని మీద ఇంకో లయ, అల్లుకుంటూ పోయాయి. తాను సంగీతం నేర్చినవాడు కాదు, ఆ అల్లిక తన శక్తికి మించినది. ఇరవై నిమిషాలకు అది తటాలున మాయమై, సెన్ నది ఒడ్డున ఆయనను అయోమయంలో వదిలేసింది, తాను పొదిగిన గుడ్డులోంచి హంస రావడం చూసిన బాతులా. ఆ వరం ఒక సంగీతకారుడికి దక్కాల్సింది, చిరునామా తప్పి తన దగ్గరికి వచ్చిందని ఆయన బాధ. నేను ఆ పుటను విద్యార్థులకు బిగ్గరగా చదివి వినిపిస్తాను. సిద్ధాంతాలు మరచిపోయేవారు కూడా ఆ బాతును మరచిపోరు.

మీరు కవితకు వ్యాఖ్యానం అన్నారు గనుక ఒక వ్యాసం ప్రత్యేకంగా చెప్పాలి. తన పద్యం "సాగర శ్మశానవాటిక" గురించి 1933లో రాసింది. గుస్తావ్ కోయెన్ అనే ఆచార్యుడు సొర్బోన్‌లో ఆ పద్యానికి పంక్తి పంక్తికీ అర్థం చెబుతుంటే వాలెరీ వెళ్లి శ్రోతల్లో కూర్చున్నాడు. తరువాత ఆ పాఠాలు పుస్తకంగా వచ్చినప్పుడు పీఠిక రాశాడు. కవే వచ్చి నా పద్యానికి సరైన అర్థం ఇదీ అని చెబుతాడని ఎవరైనా ఎదురుచూస్తారు. ఆయన చెప్పింది దానికి సరిగ్గా వ్యతిరేకం: ఏ రచనకూ ఒక సిసలైన అర్థమంటూ లేదు, కర్తకు ఆ విషయంలో అధికారం లేదు, అచ్చయ్యాక అది ఎవరికి తోచినట్టు వారు వాడుకునే పనిముట్టు. పద్యం ఎలా పుట్టిందో మాత్రం చెప్పాడు. ముందు పది అక్షరాల పాదానికి సరిపోయే ఒక ఖాళీ లయ వచ్చిందట, అందులో ఒక్క మాటా లేదు. తరువాతే భావం, సముద్రం, సమాధులు. పూర్తయ్యిందా అంటే లేదు. ఒకనాటి మధ్యాహ్నం "నూవెల్ రెవ్యూ ఫ్రాన్సేజ్" సంపాదకుడు జాక్ రివియేర్ ఇంటికి వచ్చి, ఆ దశలో ఉన్న ప్రతిని చదివి, లాక్కుపోయి 1920లో అచ్చు వేశాడు. కాబట్టి మనం ఈనాడు చదివే పాఠం ఒక యాదృచ్ఛికం. ఇలాంటి పీఠికను వ్యాఖ్యానమని ఎలా అంటాం? అది వ్యాఖ్యాన పళ్లెంలో వ్యాఖ్యానాన్నే వేసి తూచడం.

అన్నీ ఇంత బాగుంటాయని అనుకోవద్దు. 1930ల నాటికి ఆయన ఫ్రాన్సుకు ఆస్థాన విద్వాంసుడిలా అయిపోయాడు. సభలు, విగ్రహావిష్కరణలు, సంతాపాలు. అక్కడి గద్యం నున్నగా, సొంపుగా ఉంటుంది, ముల్లు మాత్రం కదలదు. కొన్ని రాజకీయ వ్యాసాల్లో సాధారణీకరణ ఎక్కువ, మనుషులు తక్కువ. చరిత్ర రచనను ఆయన కొట్టిపారేసిన తీరు నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. వాటిని వదిలేయండి, నష్టం లేదు. చిన్నవాటిలో ఒకటి మాత్రం వదలకండి: 1928 నాటి "సర్వవ్యాపిత్వ విజయం". మూడు నాలుగు పుటలే. నీరు, గ్యాసు, విద్యుత్తు ఎక్కడి నుంచో ఇంటికి వచ్చినట్టే, బొమ్మలూ ధ్వనులూ ఒక చిన్న సైగకు పుట్టి మాయమవుతూ మనకు సరఫరా అవుతాయి అని రాశాడు. ఆ వాక్యాలను జర్మన్ విమర్శకుడు వాల్టర్ బెన్యమిన్ తన ప్రసిద్ధ కళా వ్యాసంలో ఎత్తి చూపాడు. ఈ సమాధానాన్ని మీరు ఫోనులో చదువుతుంటే ఇంతకు మించి చెప్పనక్కరలేదు.

ఎక్కడ దొరుకుతాయంటే, ఇంగ్లీషులో ప్రిన్స్‌టన్ వారి పదిహేను సంపుటాల సమగ్ర రచనలు ఉన్నాయి. ఏడో సంపుటం "కవిత్వ కళ", ఇంగ్లీషు కవి టి.ఎస్. ఎలియట్ పీఠికతో. ఆక్స్‌ఫర్డ్ ఉపన్యాసం, శ్మశానవాటిక వ్యాసం రెండూ దానిలోనే ఉన్నాయి. ముందు అది తెప్పించుకోండి. తరువాత ఎనిమిదో సంపుటంలో లియొనార్దో, పదోదానిలో సంక్షోభం. లియొనార్దోను మాత్రం మొదట చదవకండి, కుర్రవాడి వచనం బిగుతుగా ఉంటుంది, బెదిరిపోతారు. ఫ్రెంచి నేర్చుకుంటుంటే మూలం 2016 నుంచి అక్కడ ఉమ్మడి ఆస్తి, ఇంటర్నెట్‌లో దొరుకుతుంది.

కానీ నిజంగా ఒకే ఒక్కటి, ఈ రాత్రికే చదవాలంటే, పదమూడో సంపుటంలోని "మనిషి, గవ్వ" చదవండి. 1937లో రాసింది. ఇసుకలో ఒక గవ్వ దొరికింది. దాన్ని చేతిలో తిప్పుతూ, చిన్నపిల్లవాడిలా అడుగుతాడు: దీన్ని ఎవరు చేశారు? మనిషి ఏదైనా చేస్తే ముందు అనుకుంటాడు, తరువాత పదార్థం వెతుకుతాడు, కొలుస్తాడు, చెక్కుతాడు, ఇక చాలని ఆపుతాడు. ఆ మెత్తటి ప్రాణి ఇవేమీ లేకుండా, తన బతుకునే చుట్టుకుంటూ, లోపల ముత్యపు మెరుపు, బయట గరుకు, ఈ మెలి తిరిగిన ఇంటిని ఎలా కట్టింది? పద్యం ఎలా పుడుతుందన్న ప్రశ్నే ఇది, పద్యమన్న మాట ఎత్తకుండా. శాస్త్రం తెలిసినంత మేరకు శాస్త్రం చెబుతాడు, ఆగిన చోట ఆగానంటాడు. చివర్లో ఆ గవ్వను, కాల్చి ముగించిన సిగరెట్టు పీకను పారేసినట్టు పారేస్తాను అంటాడు. తానేమిటో, తనకు తెలిసిందేమిటో, తెలియనిదేమిటో ఒక్కొక్కటిగా లేపి, ఆ గవ్వ తన పని చేసిపెట్టింది.